నా తర్వాత ఇది నీదే

జూన్ 4, 2023, ఆదివారం

మహబూబ్‌నగర్ పాత బస్టాండు వెనక సందులో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే రాజేందర్ అనే నేను, మనసూ ఒళ్ళూ స్వాధీనంలో ఉండగా, ఈ ఇంటి నాలుగు గోడలనూ గడియారం వెనకున్న బల్లినీ సాక్షిగా పెట్టుకుని చేస్తున్న శాసనం ఇది. నేటి నుంచి ఈ ఇంట్లో పళ్ళు తోముకునే బ్రష్షుతో ఇంజను చక్రాలు తోమడం నిషిద్ధం. ఇదివరకు తోమిన బ్రష్షు నా భార్య రమది కాదు. రమదే అని తేలితే, అది అప్పటికే పాతబడిన బ్రష్షు. ఈ విషయంలో రమ వేసే ప్రశ్నలకు ఇంటి యజమాని జవాబు చెప్పనక్కర లేదు. శాసనం ఇప్పటినుంచే అమలు. ఇల్లాలికి మాత్రం వినిపించేది లేదు.

పెద్ద పని అయిపోయింది కనుక ఇక చిన్న సంగతి. డానియల్ కొత్త ఇంజను తెచ్చాడు.

ఆదివారం సాయంత్రం మారయ్య కాక డాబా మీద కలిసేది మేం ముగ్గురమే. కాక, నేను, ఈ బ్యాంకు క్యాషియరు డానియల్. నీళ్ళ ట్యాంకు చుట్టూ కాక పట్టాలు పరిచాడు. వాటి మీద తిరిగేవి మోచేతి పొడవు ఇంజన్లు. బొమ్మలే కదా అనుకునేవాళ్ళు ఒకసారి వేలు పెట్టి చూడొచ్చు. కింద స్పిరిటు దీపం, పైన బాయిలరు, నిజం ఆవిరి. కాక గద్వాల మీదుగా మీటరు గేజి రైలుబండి నడిపిన మనిషి. ఆవిరి ఇంజన్లు పోయాక తాను నడిపిన వైపీ రకం ఇంజను యాదిలో ఇత్తడి గొట్టాలు కోసి, కుక్కరు సీటీ అతికించి, ఒకటి తానే చేసుకున్నాడు. దానికి సాటి ఈ జిల్లాలో లేదు.

నాది హైదరాబాదులో జుమ్మెరాత్ బజారులో దొరికిన పాత ఫారిన్ సరుకు. ఆకుపచ్చ రంగు, పొట్టి చిమ్నీ, పెళ్ళిచూపులకొచ్చిన పిల్లగాడిలా ఉండేది. దాని చిమ్నీ కోసి ఎత్తు పెంచి, నల్ల రంగేసి, ముందర పశువులను తోసే చట్రం బిగించి, నెత్తిన దీపం పెట్టి, డ్రైవరుకు ఎండ తగలకుండా రేకు దించి, మన వైపీగా మార్చడానికి నాకు ఏండ్లు పట్టింది. డానియల్ దొర పోయిన క్రిస్మస్‌కు కొత్తది తెప్పించుకుని ఈ ఐదారు నెలల్లోనే ఆ పని ముగించాడు.

అంతటితో ఊరుకోలేదు. ఆవిరి వదిలే కొళాయికి పొడుగు పిడి పెట్టి, లోపల సన్నటి గాడి కోశాడు. దాంతో అతని ఇంజను నిండు గర్భిణిలా నడుస్తుంది. ఇంజనును ఉరికించడం ఎవడికైనా వస్తుంది. మెల్లగా నడిపించడమే పనితనం. ఆ సంగతి తెలిసినవాణ్ణి కనుక కడుపు మండింది.

మండలేదు. స్పిరిటు వాసనకు తిప్పింది.

కాకకు రెండు కళ్ళకూ పొర కమ్మింది. చూడడు, వింటాడు. నా ఇంజను తిరుగుతుంటే చాయ్ తాగుతూ వింటాడు. ఈ రోజు డానియల్ ఇంజను చుట్టు తిరుగుతుంటే గ్లాసు కింద పెట్టి విన్నాడు. చాయ్ చల్లారిపోయింది. నేను చూస్తూనే ఉన్నా.

అయినా నాకేం. మొన్న ఉగాదినాడు మెట్లు దిగుతుంటే కాక నా భుజం మీద చెయ్యేసి, "నా తర్వాత ఇది నీదే రాజేందరూ" అన్నాడు. ఇది అంటే ఇత్తడి ఇంజను. అక్కడ ఇంకెవరూ లేరు. మాట మాటే.

జూన్ 5

నాకు అసూయ లేదు. తేదీ వేసి మరీ రాసి పెడుతున్నాను.

జూన్ 11, ఆదివారం

డానియల్ దీపం వెలిగించే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. మంచి అలవాటు. ఆ కాసేపట్లో నేను అతని అగ్గిపెట్టె తీసి పూలకుండీలో పెడతాను. అదీ మంచి అలవాటే. అతను కళ్ళు తెరిచి వెతుకుతాడు, కాక నవ్వుతాడు, ఆదివారం మొదలవుతుంది. ఈ రోజు కళ్ళు తెరిచి వెతకలేదు. జేబులోంచి లైటరు తీసి వెలిగించుకున్నాడు. పోతూ పోతూ కుండీలోంచి అగ్గిపెట్టె తీసి, "అన్నా, నీది" అని నా చేతిలో పెట్టాడు. కోపం లేదు, వెటకారం లేదు. అట్లాంటి మనిషితో ఎట్లా వేగేది?

ఇంకొకటి. నిరుటి దాకా కాకను "సార్" అనేవాడు. ఈ రోజు "కాక" అన్నాడు.

అసలు సంగతి అది కూడా కాదు. కాక తన ఇత్తడి ఇంజనును బట్టలో చుట్టి పట్టుకొచ్చి డానియల్ ఒడిలో పెట్టాడు. "దీని రొమ్ముల ఏదో కిర్రుమంటాంది. జర ఇప్పి చూడు బిడ్డా" అన్నాడు. ఆ ఇంజను మీద కాక స్క్రూడ్రైవరు తప్ప వేరేవాళ్ళది ఇంతవరకూ పడలేదు. నాది పడలేదు. అడిగినా పడనివ్వలేదు.

బిడ్డా అట.

డానియల్ దాని వాల్వు విప్పి ఇంటికి పట్టుకుపోయాడు, నున్నగా అరగదీసి తెస్తాడట. అరగదియ్యనీ. బాగుచేసేది ఎవరైనా, చివరికి వచ్చేది నా ఇంటికే. ఉగాదినాడు నా రెండు చేతులూ పట్టుకుని కదా చెప్పాడు.

జూన్ 14

గద్వాల వెళ్ళి మా అన్న మగ్గం దగ్గర మిగిలిన జరీ తెచ్చాను. కాక ఒకసారి చెప్పాడు, వెనకట డ్రైవర్లు పండగనాడు బాయిలరు చుట్టూ ఉండే ఇత్తడి పట్టీలను చింతపండుతో తోమితే ఎండలో మొహం కనపడేదట. నా ఇంజను పట్టీలకు రంగు వేసి ఉంది. రంగేం మెరుస్తుంది? గద్వాల చీర అంచు మెరిసినట్టు మెరవాలి. డానియల్ కొళాయిలో గాడి కోసుకోనీ. అతని ఇంట్లో మగ్గం లేదు కదా.

జరీని బాయిలరు చుట్టూ ఒక్కో పోగు వరసగా చుట్టి గంజితో అంటించాను. చిక్కటి బియ్యపు గంజి. రమ వచ్చి చూసి, గంజి వేడికి ఆగుతుందా అని అడిగింది. మా తాత, మా నాయిన, మా అన్న పడుగుకు గంజి పెట్టే బతికారు, మా ఇంట్లో దేనికైనా గంజే అని చెప్పాను. పడుగు కింద దీపం పెట్టరు కదా అంది. ఆడవాళ్ళకు యంత్రాల సంగతి తెలియదు.

ఎండబెట్టాక చూస్తే ఇంజను కాదు, పెళ్ళికూతురు.

జూన్ 18, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు. రాస్తా.

ఒక చుట్టు బాగానే తిరిగింది. డానియల్ కూడా, "అబ్బ, ఏం ఉన్నదన్నా" అన్నాడు. దీపం పెట్టకముందే కాక వేలితో పట్టీలు తడిమి ఇదేందని అడిగాడు. జరీ అని చెప్పాను గర్వంగా. రెండో చుట్టులో బాయిలరు మీద బుడగలు లేచాయి. గంజి మళ్ళీ ఉడకడం మొదలుపెట్టింది. జరీ అంచు మెల్లగా జారి, తడి చీరలా వేలాడి, చక్రాల కడ్డీలకు చుట్టుకుంది. సగం కరిగింది. డాబా అంతా మాడిన అన్నం వాసన. కింది నుంచి కాక భార్య పుష్పమ్మ చిన్నమ్మ పరుగున వచ్చింది.

"పొయ్యి మీద ఏం పెట్టకపోతిని. అన్నం ఎవరు మాడబెట్టిండ్రు?"

కాక కుర్చీలో వంగిపోయి నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "బతుకంత బొగ్గు వాసన చూసిన గని, ఆకలి పుట్టించే ఇంజను గిదే చూసుడు రాజేందరూ" అన్నాడు. నేనూ నవ్వాను. నలుగురినీ నవ్వించేవాణ్ణి కదా, నవ్వకపోతే బాగుండదు.

డానియల్ కొంచెమే నవ్వాడు. తర్వాత నేలమీద కూర్చుని, పట్టకారుతో నా చక్రాల్లోంచి ఒక్కో జరీ పోగూ లాగుతూ పొద్దుగూకేదాకా ఉన్నాడు. నేను వద్దన్నా వినలేదు. ఎగతాళి చేసి ఉంటే క్షమించేవాణ్ణి.

జూన్ 20

చిన్నమ్మ మిక్సీ జారు పట్టుకుని షాపుకు వచ్చింది. కాక మోకాళ్ళు ఇక మెట్లెక్కవని దవాఖానలో చెప్పారట. డాబా మీది గదీ జాగా అంతా కిరాయికి ఇస్తారట. పట్టాలు తీసేస్తారు. ఈ ఆదివారమే ఆఖరు. ఆ రోజు ఇత్తడి ఇంజను ఒకసారి నడిపించుకుని, విని, ఎవరి చేతిలోనో పెట్టేస్తానంటున్నాడట.

ఎవరికి అని అడిగాను, జారు బ్లేడు తిప్పుతూ, ఏదో మాటకు అడిగినట్టు.

"ఎవరి చేతులు నెమ్మదో వాళ్ళకే అంటుండు. నీ చేతులు నెమ్మదా మరి?" అని నవ్వింది.

ఆ నవ్వులో ఏముంది? ఏమీ లేదు. ఉగాదినాడు కాక నాకు చెబుతుంటే చిన్నమ్మ వంటింట్లోంచి వినే ఉంటుంది. తెలిసీ ఆటపట్టిస్తోంది.

జూన్ 22

నా చేతులు నెమ్మదే. ఊళ్ళో ఏ మిక్సీనైనా అడగండి.

జూన్ 24, శనివారం

రమ తలకు పోసుకోవడానికి కుంకుడుకాయలు నానబెట్టింది. పిసికిన గిన్నెలో నురుగు నిలబడి ఉంది. ఆవిరి ఇంజను నీళ్ళలో సబ్బు పడితే ఏమవుతుందో కాకే చెప్పాడు ఒకప్పుడు. బాయిలరులో నీళ్ళు పాలలాగ పొంగుతాయి, ఆవిరితో పాటు నురుగు చిమ్నీలోంచి బయటికొస్తుంది.

ఆలోచించి చూస్తే ఇది అగ్గిపెట్టె దాచడం లాంటిదే. నెమ్మదస్తుడు డానియల్ ఇంజను కాక ముందర నురుగు కక్కుతుంది, అందరం నవ్వుతాం. పోయిన వారం నన్ను చూసి నవ్వారు కదా, లెక్క సమం. ఎవరికీ దెబ్బ తగలదు.

రసం పాత ధోవతి గుడ్డలో వడగట్టి మందు సీసాలో పోసుకున్నాను.

జూన్ 25, ఆదివారం

డానియల్ ఎప్పుడూ తన నీళ్ళు తానే డబ్బాలో తెచ్చుకుంటాడు. బ్యాటరీల్లో పోసే రకం, గారపట్టనివి. ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాడు. సీసాలో రసం అతని డబ్బాలో ఒంపేశాను. రెండు క్షణాల పని. డబ్బా కదిపాను కూడా.

డానియల్ కళ్ళు తెరిచి, డబ్బా తీసుకుని, తన ఇంజను దగ్గరికి పోలేదు. కాక ఇత్తడి ఇంజను దగ్గరికి పోయాడు. మొదట పెద్దదానిదే మర్యాద కదా అన్నాడు. మూత తీసి పోశాడు.

నేను అక్కడే ఉన్నాను. ఒక మాట అంటే సరిపోయేది. డానియలూ, ఆగు. అంతే. నోరు తెరిచాను. అంటే ఎందుకు ఆగాలో చెప్పాలి. నోరు మూశాను. అతను నిండా పోశాడు, మూత బిగించాడు, దీపం పెట్టాడు. ఆవిరి పుట్టేదాకా చాలాసేపు పడుతుంది. అంతసేపూ నోరు మూసుకునే ఉన్నాను.

సీటీ మొదటి కూత బాగా వచ్చింది. కాక మొహం నేను ఎన్నడూ అట్లా చూడలేదు. తల్లి గొంతు విన్న పసిపిల్లవాడి మొహం. సగం చుట్టు నడిచింది. తర్వాత ఇంజను గొంతు గరగరలాడింది, చిమ్నీలోంచి తెల్లటి నురుగు వచ్చి బాయిలరు మీద కారింది. పిస్టను ఉండేచోట ఆవిరికి బదులు నీళ్ళు చేరినట్టున్నాయి, టక్కుమని ఏదో విరిగినట్టు చప్పుడైంది. ఆగిపోయింది. చక్రాల కడ్డీ వంగింది.

ఎవరూ నవ్వలేదు.

డానియల్ మొహంలో నెత్తురు లేదు. "నేను ముట్టకుండ ఉండాల్సింది కాక. నేను అరగదీసి పెట్టిన వాల్వు సరిగ కూసోలేదు. నాదే తప్పు."

కాక వేళ్ళతో వంగిన కడ్డీ తడిమాడు. "నీదేం లేదు బిడ్డా. ముసల్దయింది. నా లెక్కనే" అన్నాడు. చిన్నమ్మ ఆయనను మెట్ల మీది నుంచి పట్టుకుని దించింది. ఇంజను ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

జూన్ 26

కుంకుడు రసం అంతలేసి పని చెయ్యదు. ఎప్పటి బాయిలరో. లోపల గార ఉండి ఉంటుంది.

జూన్ 27

గార ఉండి ఉంటుంది.

జూన్ 29

డానియల్ తువ్వాలలో చుట్టి ఇత్తడి ఇంజను షాపుకు తెచ్చాడు. బ్యాంకుకు సెలవు పెట్టి రెండు రోజులు దాంతోనే కూర్చున్నాడట. విప్పడానికి ధైర్యం చాలలేదట. కళ్ళు లోపలికి పోయాయి.

"అన్నా, నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. నువ్వే చెయ్యి. ఆదివారం లోపల మళ్ల ఇనిపిద్దాం ఆయనకు. లేకుంటే ఆయన దిగులుతోనే పోతడు" అన్నాడు.

ఏండ్ల తరబడి నేను అడిగినా ముట్టనివ్వని ఇంజను నా బల్ల మీద ఉంది. ఎంత సంతోషంగా ఉండాలి?

ఇంటికి తెచ్చి ఒక్కో భాగం విప్పాను. డానియల్ అరగదీసిన వాల్వు అద్దంలా ఉంది. వెంట్రుక వాసి తప్పు లేదు. బాయిలరు కడిగి నీళ్ళు ఒంపుతుంటే రమ వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"దీనికి నా తల వాసన వస్తాంది."

రమ గిన్నె సంగతి, ధోవతి గుడ్డ సంగతి, మందు సీసా సంగతి తనకు తానే కలుపుకుంది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. ఎదురుగా కూర్చుని ఒకటే అడిగింది.

"ఆయన నీకే ఇస్తనన్నడు అంటివి గదా. ఇచ్చేటాయన ఇయ్యనే ఇస్తడు. మరి నీకు గీ పని ఎందుకు పడ్డది?"

కడ్డీ సాపు చేసుకుంటూ కూర్చున్నా.

జూలై 1

కడ్డీ సాపైంది. బాయిలరు నిమ్మరసంతో కడిగాను, మంచినీళ్ళతో కడిగాను, మళ్ళీ కడిగాను. దొడ్లో బండ మీద పెట్టి నడిపి చూశాను. శబ్దం బాగుంది. రేపు కాక ఎదుట, డానియల్ ఎదుట, చేసిన పని చెప్పేస్తాను. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నా.

జూలై 2, ఆదివారం

డాబా ఖాళీ అయింది. కింద ముందుగదిలోనే నాలుగు పట్టాలు వరసగా వేశాం. ఇత్తడి ఇంజను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోయింది, డానియల్ కొళాయి పట్టుకున్నాడు, మళ్ళీ వెనక్కి వచ్చింది. తొందర లేకుండా, ఒక్కో ఊపిరీ విడివిడిగా. కాక పెదవులు కదులుతున్నాయి, స్టేషన్ల పేర్లు అనుకుంటున్నాడు. దేవరకద్ర, వనపర్తి రోడ్డు, గద్వాల.

ఇంజను చల్లారాక, ఎవరు బాగుచేశారని కాక అడిగాడు. అన్ననే చేసిండు అన్నాడు డానియల్. కాక నా చెయ్యి వెతికి పట్టుకుని నొక్కాడు. అప్పుడే చెప్పాలి. నాలుక చివర ఉంది మాట.

కాక నా చెయ్యి వదిలి, ఇంజను ఎత్తి, "డానియలూ, చేతులు పట్టు" అన్నాడు.

అనుకున్న మాట బయటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"నాకిస్తనంటివి గదా కాక."

కాక మొహం నా గొంతు వైపు తిరిగింది. "అన్ననా? ఎప్పుడు?"

"ఉగాదినాడు. మెట్ల కాడ. నా తర్వాత ఇది నీదే అన్నవ్."

కాదంటాడనుకున్నా. అబద్ధమంటాడనుకున్నా. అంటే గొడవ పడి బయటికి పోదామనుకున్నా. కాక చిన్నమ్మ వైపు తిరిగాడు. "నాకు యాదికి లేదేందే?" అన్నాడు మెల్లగా. ఆమె, ఈ మధ్య తిన్నది కూడా మరుస్తున్నావు కదా అంది, జాలిగా.

కాక ఎత్తిన ఇంజనును ఒడిలోకి దించుకున్నాడు. "అనే ఉంట. అన్నంక అన్నట్టే ఉండాలె. నువ్వేమనుకోకు బిడ్డా" అన్నాడు డానియల్‌తో.

"అన్నకే చెల్లుతది కాక. నేను చెడగొట్టిన, అన్న బాగుచేసిండు" అన్నాడు డానియల్. ఇంజనును తన తువ్వాలలోనే చుట్టి నాకిచ్చాడు.

గడప దాటుతుంటే కాక పిలిచాడు.

"రాజేందరూ, ఇంకేమన్న అన్ననా నేను? నీకు యాదికుంటే చెప్పు."

ఏమీ అనలేదు కాక, అన్నాను.

జూలై 3

ఇంజను బీరువా మీద ఉంది. రమ దాని వైపు చూడడం లేదు. నా వైపూ చూడడం లేదు.

జూలై 5

దీపం పెట్టాలని రెండుసార్లు కూర్చున్నా. స్పిరిటు పోసి, మళ్ళీ ఒంపేశాను.

చిన్నమ్మ ఫోను చేసింది. కాకను కాస్త వచ్చి చూసిపొమ్మంది. ఆదివారం నుంచి ఇంటికి వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడుగుతున్నాడట, నీకేమన్న ఇస్తనంటినా, నీకేమన్న మాట ఇచ్చిన్నా అని. పాలవాణ్ణి అడిగాడట. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి అడిగాడట. ఎవరికో మాట ఇచ్చి మరిచిపోయానని రాత్రి లేచి కూర్చుంటున్నాడట. తల పోయిందని తానే చెప్పుకుంటున్నాడట.

జూలై 6

ఇంజను తువ్వాలలో చుట్టాను. పొద్దున్నే మొదట డానియల్ ఇంటికి, తర్వాత అతన్ని వెంటబెట్టుకుని కాక దగ్గరికి. కుంకుడు రసం సంగతి చెప్పడం తేలికే, అది చేసిన పని. జరగనిది చెప్పడమే కష్టం. అందుకే ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నా.

ఆ మాట కాక అనలేదు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు, రెండు చేతులూ పట్టుకోలేదు, చిన్నమ్మ వంటింట్లో లేదు. డానియల్ కొత్త ఇంజను తెచ్చిన రోజు ఇంటికొచ్చి ఆ మాట నేనే పుట్టించి రాసుకున్నా. రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకుంటే కాక గొంతుతోనే వినబడేది.

ఉగాదినాడు మెట్లు దిగుతుంటే కాక అన్నది ఒకటే. "కింది మెట్టు పగిలింది, చూసి దిగు."